గుంటూరులో కలిసిన పదహారు మంది సిస్టర్లు

సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాలో నేడు 3,500కు పైగా ఆసుపత్రులు, డిస్పెన్సరీలు, ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు డాక్టరు దొరకడం గగనమైన పల్లెల్లోనే ఉన్నాయి. ఇంత పెద్ద సంస్థకు పుట్టిల్లు గుంటూరు. ఆ ఊరివాళ్లలోనే ఎంతోమందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కథ ఒక నిషేధంతో మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కన్యస్త్రీలు (సిస్టర్లు) డాక్టర్లుగా పనిచేయడానికి చర్చి ఒప్పుకునేది కాదు. కాన్పులు చేయడం అసలే కూడదు. ఇక్కడేమో ప్రాణం మీదికి వచ్చినా మగ డాక్టరుకు చూపించుకోని ఇళ్లు ఎన్నో. బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతులెత్తేసేది. ఆ గడప దాటి లోపలికి వెళ్లగలిగే డాక్టరు మరొకరు ఉండేవారు కాదు. రావల్పిండిలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి పెట్టించిన స్కాట్లండ్ డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్, నిషేధం ఎత్తేయమని రోములోని చర్చి పెద్దలను పదే పదే వేడుకున్నారు. 1913లో ఆమె కన్నుమూసే నాటికి కూడా ఆ మొర ఫలించలేదు.

ఆమె గురించిన ఒక చిన్న కరపత్రం 1915లో మెల్‌బోర్న్‌లోని డాక్టర్ మేరీ గ్లౌరీ చేతికి వచ్చింది. కాలిన్స్ స్ట్రీట్‌లో నడుస్తున్న ప్రాక్టీసును వదులుకుని, 1920 ఫిబ్రవరి 12న ఆమె గుంటూరు చేరారు. డచ్ సిస్టర్ల జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సభలో చేరారు. తెనాలి వాళ్లకు కాలేజీ పేరుగా బాగా తెలిసిన మూడక్షరాలే అవి. వైద్యం చేయడానికి పోప్ 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇచ్చారు. 1925లో సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి తెరుచుకుంది. రోగులను చూస్తూనే ఆమె స్థానిక ఆడపిల్లలను మంత్రసానులుగా, నర్సులుగా, కాంపౌండర్లుగా తయారుచేశారు. నా దృష్టిలో ఆసుపత్రి కట్టడం కంటే ఇదే పెద్ద పని.

1936లో రోము నిషేధాన్ని సడలించింది. సిస్టర్ల ఆసుపత్రులు ఉన్నా, దేనికదే ఒంటరి. 1943 జులై 29న గ్లౌరీ, మరికొందరు కలిసి మొత్తం 16 మంది సిస్టర్లు గుంటూరులో సమావేశమై సంఘం పెట్టుకున్నారు. ఆసుపత్రులన్నీ ఒకే యాజమాన్యం కిందికి రాలేదు. ఎవరి ఆసుపత్రిని వాళ్లే నడుపుకుంటూ, శిక్షణకూ సలహాకూ ఒకరికొకరు తోడుగా నిలిచారు. ఇంత దూరం విస్తరించడానికి ఆ పద్ధతే కారణమని నేననుకుంటాను. తర్వాత ప్రధాన కార్యాలయం ఢిల్లీకి వెళ్లి, 1986లో సికింద్రాబాద్‌కు వచ్చింది.

దేశంలో ఒక కాథలిక్ మెడికల్ కాలేజీ రావాలని గ్లౌరీ ఎంతో తపించారు. 1957 మే 5న బెంగళూరులో చనిపోయారు. ఆరేళ్ల తర్వాత అదే ఊళ్లో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది.