ఇంగ్లీషు వాక్యంలో మాటల వరస: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. డిగ్రీ పిల్లలు, నర్సింగ్ అమ్మాయిలు, కువైట్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నవాళ్లు వస్తారు. చాలామందికి మాటలు వచ్చు, వాటిని వరసలో పెట్టేటప్పుడే టెన్షన్. ఎవరో చెప్పగా నమ్మేసిన మాటలు ఆ టెన్షన్‌ని ఇంకా పెంచుతున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మాటలు తెలిస్తే చాలు, అటూ ఇటూ అయినా అర్థమైపోతుంది.

వాస్తవం: తెలుగులో అయితే నిజమే. మన ధవళేశ్వరం సంగతే తీసుకోండి. "కాటన్ దొర ఆనకట్టని కట్టించారు" అన్నా, "ఆనకట్టని కట్టించారు కాటన్ దొర" అన్నా కట్టించింది ఎవరన్న దాంట్లో తేడా రాదు, ఎందుకంటే "ని" అనే విభక్తి ఆనకట్టకి అంటుకుని అది ఎటు వెళితే అటు వెళుతుంది. ఇంగ్లీషు పేరుకి అలాంటి "ని" లేదు. "కాటన్ బిల్ట్ ది ఆనికట్" అనాల్సింది "ది ఆనికట్ బిల్ట్ కాటన్" అంటే, 1852లో పూర్తయిన ఆనకట్టే వెళ్లి కాటన్ దొరని కట్టినట్టు అవుతుంది. మామూలు వాక్యంలో క్రియకి ముందున్నది కర్త, వెనకున్నది కర్మ. మనకి విభక్తి చేసే పని అక్కడ చోటు చేస్తుంది. ఏ బ్యాచ్‌కైనా మొదటిరోజు నేను చెప్పేది ఇదొక్కటే.

అపోహ: తెలుగు వాక్యాన్ని వెనకనుంచి చదివితే ఇంగ్లీషు వచ్చేస్తుంది.

వాస్తవం: "మా నాన్న నిన్న అంబాజీపేటలో కొబ్బరికాయలు అమ్మారు" అన్నది తిరగేసి చూడండి. "సోల్డ్ కోకోనట్స్ ఇన్ అంబాజీపేట యెస్టర్డే మై ఫాదర్" వస్తుంది. నాన్న ఒక్కరే చోటు తప్పారు, మిగతాదంతా కుదిరింది, అందుకే ఈ చిట్కా నమ్మబుద్ధేస్తుంది. కర్తని మాత్రం కదపకూడదు, "మై ఫాదర్" మొదట్లోనే ఉండాలి. యెస్టర్డేని కావాలంటే అందరికంటే ముందు పెట్టుకోవచ్చు గానీ "సోల్డ్ యెస్టర్డే కోకోనట్స్" అని క్రియకీ కర్మకీ మధ్య ఇరికించకండి. ఇంకోటి, "పెద్ద పడవ" ఇంగ్లీషులోనూ "బిగ్ బోట్"గానే ఉంటుంది, తిరగబడదు. అదే "నిన్న వచ్చిన అబ్బాయి" అయితే "ది బాయ్ హూ కేమ్ యెస్టర్డే", అబ్బాయి ముందుకొచ్చేస్తాడు. అన్నిటికీ ఒకే చిట్కా పనిచేయదండీ.

అపోహ: ప్రశ్న అంటే గొంతు పెంచితే సరిపోతుంది.

వాస్తవం: గొంతు ఒక్కటే చాలదు, మాటల చోటు కూడా తిప్పాలి. "వేర్ యూ ఆర్ గోయింగ్" కాదు, "వేర్ ఆర్ యూ గోయింగ్". ఇది నేర్చుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది, తిప్పకూడని చోట కూడా తిప్పేస్తారు. "బస్టాండ్ ఎక్కడో నాకు తెలియదు" అన్నది ప్రశ్న కాదు కదా, కాబట్టి "ఐ డోంట్ నో వేర్ ది బస్టాండ్ ఈజ్" అనాలి.

అపోహ: ముందు గ్రామర్ పేర్లన్నీ బట్టీ పట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎక్కడ, ఎప్పుడు. ఈ ఐదూ చాలు మొదలుపెట్టడానికి.

అపోహ: కలగాపులగం చేసిన మాటల్ని వరసగా పేర్చే బిట్లు చేస్తే మాట్లాడటం వచ్చేస్తుంది.

వాస్తవం: ఒక నర్సింగ్ అమ్మాయి ఆ బిట్లు ఒక్కటీ తప్పు లేకుండా చేసేది. ఆదివారం ఏం చేశావమ్మా అని అడిగితే "ఐ సండే చర్చ్ వెంట్" అంది. బిట్లలో మాటలు కళ్లముందు ఉంటాయి, మాట్లాడేటప్పుడు అవి మనలోంచే రావాలి. అందుకని బిట్టు పూర్తయ్యాక పుస్తకం మూసి, ఆ వాక్యాన్ని పైకి చెప్పమంటాను. తర్వాత ఒక్క ముక్క మార్చాలి. నాన్న బదులు అమ్మ, కొబ్బరికాయలు బదులు అరటిపళ్లు, అంబాజీపేట బదులు రావులపాలెం. వరస మాత్రం కదలకూడదు. ఆ అమ్మాయి ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు పడవ ఎక్కి దిగేలోపు, ఆరోజు ఇంట్లో జరిగినవే ఐదు వాక్యాలు గొణుక్కునేది. మొదట్లో రెండు కుదిరేవి, మూడు తప్పేవి. తప్పినవి సాయంత్రం నా దగ్గరికి తెచ్చేది.