శాస్త్రాన్ని తూచిన శాస్త్రకారులు

ప్రాచీన గ్రంథాలను నేటి విలువలతో తూచకూడదని వాదించేవారు, ఆ తూకం ఇంగ్లీషు చదువులతోనే మొదలైందన్నట్టు మాట్లాడతారు. ధర్మశాస్త్ర చరిత్ర అలా చెప్పదు.

తండ్రి ఆస్తి పంపకమే చూడండి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ప్రకారం పెద్దకొడుక్కి ఇరవయ్యో వంతు, దాంతోపాటు ఉన్నవాటిలో మేలైన వస్తువు ముందే తీసి ఇవ్వాలి. నడిమివాడికి నలభయ్యో వంతు, చిన్నవాడికి ఎనభయ్యో వంతు. మిగిలింది సమానంగా పంచాలి. కల్యాణి చాళుక్యుల కాలంలో యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు ఈ హెచ్చుతగ్గుల పంపకం శాస్త్రంలో ఉందని ఒప్పుకున్నాడు. అయినా పాటించవద్దన్నాడు. ధర్మసమ్మతమైనా లోకం ఏవగించుకునే పని చేయకూడదన్న యాజ్ఞవల్క్యుడి మాటే అందుకు ఆధారం. ఇంటికొచ్చిన శ్రోత్రియుడికి (వేదం చదివిన బ్రాహ్మణుడికి) ఎద్దునో మేకనో సమర్పించాలన్న విధిని జనం వదిలేసినట్టే దీన్నీ వదిలేయాలన్నాడు. ఆ మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగులోకి తెచ్చాడు.

తరవాతి నిబంధకారులు, అంటే స్మృతుల విధులను సంకలనం చేసిన పండితులు, నియోగం (సంతానం కోసం భర్త కాని పురుషుడితో కలయిక), అశ్వమేధం లాంటివాటిని ‘కలివర్జ్యాలు’గా, అంటే కలియుగంలో వదిలేయాల్సినవిగా జాబితా కట్టారు. విధి గ్రంథంలో అలాగే ఉంటుంది, ఆచరణ మాత్రం ఆగిపోతుంది. తెలివైన ఏర్పాటే. కానీ ఏది ఏవగింపో తేల్చేది పండితులే. స్త్రీలనూ శూద్రులనూ అడిగినవారు లేరు.

అందుకే అదే పనిముట్టు వితంతువుల మీదికి తిరిగింది. భర్త చనిపోయినా, కనిపించకుండా పోయినా స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని పరాశరస్మృతిలో శ్లోకం ఉంది. 14వ శతాబ్దంలో దానికి వ్యాఖ్య రాసిన మాధవాచార్యుడు అది వేరే యుగానికి చెప్పిందన్నాడు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఆ అడ్డంకినే ఎదుర్కొన్నాడు: కలియుగానికి ప్రమాణం తన స్మృతేనని పరాశరుడే చెప్పుకున్నాక ఆ శ్లోకాన్ని వేరే యుగానికి ఎలా నెడతారు? 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. అయితే దాని 2వ సెక్షన్ మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు లేకుండా చేసింది. పెళ్లికి అనుమతి ఇచ్చి బతుకుదెరువు తీసేయడం ఎంత అన్యాయం! రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబర్ 11 అయింది.

శ్లోకాల వెతుకులాటను పక్కనపెట్టి, 1927 డిసెంబర్ 25న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో మనుస్మృతిని దహనం చేశారు. ఇన్ని శతాబ్దాల తూకంలో ఎవరి మాట లెక్కకు రాలేదో వాళ్లే అక్కడ తీర్పు చెప్పారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

రాజ్యాంగం వచ్చాక తూకం కోర్టులకు చేరింది. మతానికి ఏది అత్యావశ్యకమో ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిక్కంతా అక్కడే. హక్కుల ప్రశ్న అడగాల్సిన న్యాయమూర్తి గ్రంథాలు తిరగేస్తూ పండితుడి పని చేయాల్సివస్తోంది. 2018 శబరిమల తీర్పులో నలుగురు న్యాయమూర్తులు స్త్రీల ప్రవేశ నిషేధాన్ని కొట్టేశారు. విశ్వాసంలోని హేతుబద్ధతను కోర్టు విచారించరాదని జస్టిస్ ఇందు మల్హోత్రా విభేదించారు. 2019 నవంబర్‌లో, కోర్టు ఎంతవరకు తూచవచ్చన్న ప్రశ్ననే విస్తృత ధర్మాసనానికి పంపారు.