జేబులో పట్టే రివాల్వర్: అపోహలు – వాస్తవాలు

జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, పనిచేసి రిటైరైనవాణ్ని. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) తాళాలు, నూనె గుడ్డలు, ఏటేటా జరిగే ఫైరింగ్ ప్రాక్టీసు, అందులో మొరాయించిన ఆయుధాల రిపేర్లు, ఇదే నా ఉద్యోగం. ఇప్పుడు నల్లగొండలో ఇంటిపట్టున ఉంటున్నా సలహాకు వచ్చేవాళ్లు తగ్గలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల యజమానులు, పెట్రోల్ బంకులవాళ్లు, హైవే పక్కన వెంచర్లు వేసేవాళ్లు, ఎప్పుడో సర్పంచ్‌గా చేసి ఇంకా శత్రువులు కాచుకొని ఉన్నారని నమ్మేవాళ్లు. అందరిదీ ఒకటే మాట: "సార్, జేబుల పట్టేటిది, తేలికది ఏదున్నదో జెప్పుండ్రి." దుకాణంలో చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ చిన్న సైజే ముచ్చటగా ఉంటుంది. రేంజిలో ఏడిపించేది కూడా అదే. వాళ్లతో మాట్లాడుతుంటే పదే పదే వినిపించే నమ్మకాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: .32 గొప్ప బోరు కాబట్టే అందరూ అదే కొంటున్నారు.

బోరు అంటే బ్యారెల్ రంధ్రం కొలత, .32 అంటే అంగుళాల లెక్కలో. గొప్పతనం బోరుది కాదు, రూల్ బుక్కుది. మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు అని విభజన ఉంది. సైన్యం, పోలీసులు వాడిన .455, .380 రివాల్వర్ తూటాలు, సర్వీసు 9 ఎం.ఎం. తూటాలు పట్టే ఆయుధాలు నిషిద్ధంలోకి వస్తాయి. మామూలు పౌరుడికి అవి దొరకవు. అవి పోగా రివాల్వర్లలో చేతికందేవి ముఖ్యంగా .32, .22. ఇప్పుడు మనవాళ్లు కొంటున్న .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా 1896 నాటిది. పాతదని చెడ్డదేం కాదు. నిక్కచ్చిగా పోతుంది, చేతిని పెద్దగా తన్నదు. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ (పిన్ను తూటా అడుగు నడిమధ్యన కొట్టే రకం) పోటీల్లో షూటర్లు ఈనాటికీ ఈ తూటా పేల్చే పిస్టళ్లు వాడతారు. అయితే దాని బలం కాగితం మీద కన్నం పెట్టడంలో ఉంది. మీద పడేవాణ్ని అక్కడికక్కడే ఆపుతుందన్న భరోసా దాంతో రాదు.

దొరికే సరుకు సంగతి కూడా చెప్పుకోవాలి. కాన్పూర్‌లో తయారయ్యే పాత .32 రివాల్వర్ వెబ్లీ పద్ధతిలో మధ్యలో విరిచి తెరిచేది, ఆరు తూటాలది. 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంతో చేసింది, అర కిలో బరువు, విడుదలైనప్పుడే ధర లక్షా ఇరవై వేలు దాటింది. .22లో వచ్చిన నిడర్ ఇంకా బుల్లిది: 250 గ్రాములు, ఎనిమిది తూటాలు. 2021లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను నడిపే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో ఒకటైన ఏడబ్ల్యూఈఐఎల్ 2023లో ప్రబల్ తెచ్చింది. అది .32, సుమారు 700 గ్రాములు, తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. నన్నడిగితే ఈ వరసలో బరువైనదాని వైపే మొగ్గుతాను. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: చిన్నదైతే కాల్చడం సులువు.

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. రివాల్వర్‌ను రెండు రకాలుగా పేల్చొచ్చు. వెనక ఉండే హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తి లాంటి భాగాన్ని) బొటనవేలితో వెనక్కి లాగిపెట్టి, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కితే సింగిల్ యాక్షన్. దానికి రెండు కిలోల లోపు ఒత్తిడి చాలు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు హ్యామర్ లాగేంత తీరిక ఎవరికీ ఉండదు. ట్రిగ్గర్ ఒక్కటే లాగుతారు. ఆ ఒక్క లాగుడుతోనే హ్యామర్ లేవాలి, సిలిండర్ తిరగాలి, తూటా పేలాలి. అది డబుల్ యాక్షన్. దానికి ఐదు కిలోల దాకా బలం పెట్టాలి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. చేతిలో ఉన్న వస్తువు అర కిలో, కొన్నైతే పావు కిలో. దాన్ని కదలకుండా పట్టుకొని ఒక్క వేలితో ఐదు కిలోలు లాగాలి. వేలు లాగుతుంటే మొత్తం తుపాకే పక్కకు తిరుగుతుంది. కుడిచేతివాటం వాళ్ల గుళ్లు టార్గెట్‌లో కింద ఎడమవైపు గుంపుగా పడితే కారణం సాధారణంగా ఇదే. ఇక గురి చూసే ముందు సైటుకు, వెనక సైటుకు మధ్య దూరం వేళ్లతో కొలిచేంతే. అక్కడ గింజంత తేడా వస్తే పది గజాల దూరంలో జానెడు అవుతుంది. పిడి పొట్టిగా ఉండటంతో చిటికెన వేలు గాలిలో వేలాడుతుంది, పట్టు సగమే దొరుకుతుంది.

కిలోకు దగ్గరున్న పాత సర్వీసు రివాల్వర్లతో కొత్త కానిస్టేబుళ్లు త్వరగా కుదురుకునేవాళ్లు. ఆ బరువే చెయ్యి వణుకును మింగేస్తుంది. చిన్న రివాల్వర్ నేర్చినవాడి ఆయుధం, నేర్చుకునేవాడిది కాదు. మనవాళ్లు మాత్రం "నాకేం రాదు, అందుకే చిన్నది చాలు" అంటారు. లెక్క తిరగబడుతోందని చెబితే నమ్మరు.

"ఆడవాళ్లకు చిన్నదే సరి" అనేది కూడా దీని తోబుట్టువే. నిర్భీక్, నిడర్ ప్రచారమంతా ఆ దారిలోనే సాగింది. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది, నిజమే. కానీ చిన్న చేతికి, బిగువైన ట్రిగ్గర్‌కు పొత్తు కుదరదు. మా మహిళా కానిస్టేబుళ్లు 9 ఎం.ఎం. పిస్టల్‌తో చక్కగా కొట్టేవాళ్లు. ట్రిగ్గర్ తేలిక, పట్టు నిండుగా ఉంటుంది, అంతే తేడా.

మరో చిన్న జాగ్రత్త. రివాల్వర్‌లో సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు వేడి గ్యాసు, సీసం తునకలు ఆ సందులోంచి పక్కలకు చిమ్ముతాయి. పిస్టల్ అలవాటుతో రెండో చేతి బొటనవేలు ముందుకు చాపేవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవాలి. చిన్న రివాల్వర్‌లో వేలు ఆ సందు దాకా ఇట్టే పోతుంది.

అపోహ: చిన్న గుండుకు ప్రాణం పోదు, బెదిరించడానికి పనికొస్తుంది.

దీనికంటే ప్రమాదకరమైన మాట నేను వినలేదు. ముందు బలాబలాలు చూద్దాం. గుండు బ్యారెల్ దాటేటప్పటి శక్తి .303 రైఫిల్‌కు మూడు వేల జౌల్స్ పైన, 9 ఎం.ఎం.కు సుమారు ఐదు వందలు, .32 రివాల్వర్‌కు నూట యాభైకి అటూ ఇటూ, పొట్టి బ్యారెల్ .22కు వంద, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఈ అంకెలు చూసి "ఇంతేనా" అనుకుంటారు.

1968లో లాస్ ఏంజిలిస్‌లో అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనెడీని చంపింది .22 రివాల్వరే. 1981లో వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్చింది కూడా .22 రివాల్వరే. రెండు సెకన్లు గడవకముందే ఆరు గుళ్లు పేలాయి, నలుగురు గాయపడ్డారు. రీగన్‌కు తగిలిన గుండు కారుకు తగిలి మళ్లి వచ్చింది. అది ఊపిరితిత్తిలోకి దిగి గుండెకు అంగుళం దూరంలో ఆగింది. అయినా ఆయన ఆస్పత్రి గుమ్మం దాకా తన కాళ్ల మీదే నడిచి, లోపలికి వెళ్లాక కూలబడ్డాడు. చిన్న గుండుతో రెండు నష్టాలూ ఇక్కడే కనిపిస్తాయి. మనిషిని చంపగలదు. ఆ క్షణంలో ఆపుతుందని మాత్రం చెప్పలేం. కత్తితో మీదికొచ్చేవాడు గుండు తగిలాక కూడా మరో నాలుగడుగులు వేయగలడు, ఆ తర్వాత ఆస్పత్రిలో పోవచ్చు. మీకు ఆత్మరక్షణా దక్కదు, హత్య కేసు మాత్రం దక్కుతుంది.

ఇంకోటి, .22 తూటాల పెట్టె మీద ఉండే హెచ్చరిక చదవండి. ఆ గుండు మైలుకు మించి పోతుందని రాసి ఉంటుంది. బరాత్‌లో, దసరా జమ్మి దగ్గర, గెలుపు ర్యాలీలో గాలిలోకి పేల్చేవాళ్లు గుండు ఆకాశంలో కరిగిపోతుందనుకుంటారేమో. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత ఇలా సంబరాలకు కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పెడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆయుధ పూజ ఇంట్లో చేసుకోండి. సిలిండర్ ఖాళీ చేసి బొట్టు పెడితే అమ్మవారేం అనుకోదు.

అపోహ: రివాల్వర్ ఎప్పటికీ జామ్ కాదు.

సగం నిజం. రివాల్వర్ మీద నాకున్న ఇష్టమంతా ఈ సగంలోనే ఉంది. పిస్టల్‌లోలా తూటాలు పెట్టే మ్యాగజైన్ లేదు, దాని స్ప్రింగుతో తంటా లేదు, స్లయిడ్ లాగే పని లేదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే పక్క తూటా వస్తుంది. తెరిస్తే నిండిందో ఖాళీయో కంటికి కనిపిస్తుంది. నెలల తరబడి ముట్టుకోకుండా లాకర్‌లో పెట్టేవాడికి పిస్టల్ కంటే ఇదే నయం.

కానీ మొరాయించినప్పుడు మాత్రం గట్టిగా మొరాయిస్తుంది. పిస్టల్ జామ్ చాలాసార్లు చేత్తో తీసేయొచ్చు, రివాల్వర్‌కు స్క్రూడ్రైవర్ పట్టాల్సి రావచ్చు. ఎజెక్టర్ స్టార్ (పేలిన తూటాల ఖాళీ గొట్టాలను బయటికి తోసే భాగం) కింద కాలని పొడి రవ్వంత చేరితే సిలిండర్ మూయడానికి రాదు, తిరగదు. విరిచి తెరిచే మోడళ్లలో ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) జారి స్టార్ కిందికి పోతే ఇక చేతులెత్తేయాలి. మరీ తేలిక రివాల్వర్లలో తన్ను జోరుకు మిగతా తూటాల గుళ్లు కేసుల్లోంచి ముందుకు జరిగి సిలిండర్‌కు అడ్డం పడే అవకాశం ఉంటుంది. .22ది ఇంకో గుణం. అందులో పేలే మందు కేసు అంచు లోపల ఉంటుంది. ఆ అంచు చుట్టూ మందు సమానంగా పరుచుకోకపోతే పిన్ను కొట్టినా తుస్సుమంటుంది. సెంటర్‌ఫైర్‌తో పోలిస్తే .22లో మిస్‌ఫైర్లు ఎక్కువ రావడానికి ఇదే కారణం.

రేంజిలో మిస్‌ఫైర్ అయితే వెంటనే తెరవకండి. మూతి టార్గెట్ వైపే పెట్టి అర నిమిషం ఆగండి. చప్పుడు మామూలుకంటే మెత్తగా వచ్చిందా, ట్రిగ్గర్ అసలు ముట్టుకోకండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేల్చితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు.

అపోహ: .32 అంటే .32, తూటా ఏదైనా ఒకటే.

కాదు. .32 రివాల్వర్ తూటా వేరు, అశని లాంటి పిస్టల్‌కు వేసే .32 తూటా వేరు. పిస్టల్ తూటా పొట్టిది, ఒత్తిడి ఎక్కువ. కొన్ని రివాల్వర్ల చాంబర్లలో (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రాల్లో) అది దూరుతుంది కూడా. దూరింది కదా అని పేల్చారో, ఏళ్లనాటి రివాల్వర్‌కు అది భరించే ఒత్తిడి కాదు. పెట్టె మీద పేరంతా చదివి తీసుకోండి.

అపోహ: కొబ్బరి నూనె పూస్తే తుప్పు పట్టదు.

పూసిన వారం నిగనిగలాడుతుంది. తర్వాత జిగురుగా మారి లోపలి భాగాలకు అంటుకుంటుంది. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే అది కారి తూటా ప్రైమర్‌లోకి (నిప్పు రగిలించే చిన్న మూతలోకి) దిగి మందును చంపేస్తుంది. తూటాలకు నూనె అసలు తగలనివ్వకండి. మన ఎండల్లో చెమట ఉప్పే పెద్ద శత్రువు. నడుముకు కట్టుకు తిరిగినవాళ్లు ఇంటికి రాగానే తుడవాలి. తోలు హోల్‌స్టర్‌లో నెలలకొద్దీ వదిలేస్తే ఇత్తడి కేసులకు పచ్చని చిలుము పడుతుంది. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డులో పెట్టి పోయేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మంచి మాటలు లేవు. ఇంకోటి, ఖాళీ .22 రివాల్వర్‌ను టకటకా కొడుతూ ఆడకండి. పిన్ను చాంబర్ అంచును కొట్టి గంటు పెడుతుంది.

చప్పుడు తక్కువన్నది కూడా నిజం కాదు. పొట్టి బ్యారెల్ .22 సైతం 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు రక్షణ లేకుండా గదిలో పేల్చితే ఆ గూయి రోజుల తరబడి వదలకపోవచ్చు.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు రైతులు అడవి పందుల కోసం రివాల్వర్ అడుగుతారు. వద్దు. .32 గుండు పందిని గాయపరుస్తుంది, గాయపడ్డ పంది మీ మీదికే వస్తుంది. ఇక అనుమతి లేకుండా వన్యప్రాణిని కాల్చితే అది వేరే కేసు.

అపోహ: తాత రివాల్వర్ మనవడికి దానంతటదే వస్తుంది.

లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని, తూటాలను ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. వారసుడు ఆ తర్వాత తన పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు. ముందు మూడు దాకా ఉండేది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. "మా నాయనది, బీరువాల పడి ఉన్నది, ఎవరికి దెలుస్తది" అనేవాళ్లను చాలామందిని చూశాను. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఇప్పుడు రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. తుపాకి ఎప్పుడో అప్పగించి డ్రాయర్‌లో నాలుగు పాత తూటాలు మర్చిపోయినా సరే, అవీ ఈ లెక్కలోకే వస్తాయి. పాత ట్రంకు పెట్టెలు సర్దేటప్పుడు అలాంటివి కనబడితే చెత్తలోనో బావిలోనో వేయకండి, నిప్పుకు దూరంగా పెట్టి స్టేషన్‌కు ఫోన్ చేయండి. అప్పగించాక రసీదు అడిగి తీసుకోండి.