మాటలు కలిస్తే భాషలు చుట్టాలవుతాయా?

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన సరుకులో కొంత అక్కడికక్కడే అమ్ముడుపోతుంది. మిగిలింది ధర పెరిగేదాకా చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. ఆ బస్తాల్లోని కాయను ఇంగ్లిషులో చిల్లీ అంటారు. ఆ గదిలోని చల్లదనాన్ని చెప్పే మాట కూడా చిల్లీయే, స్పెల్లింగే వేరు. మనకేమో చిల్లి అంటే కన్నం. కుండకు చిల్లి పడుతుంది, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఇక దక్షిణ అమెరికాలో చిలీ అనే దేశం ఉంది. పటంలో మిరపకాయలాగే సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి కాయ పేరే దేశానికి వచ్చిందని నమ్మేవాళ్లున్నారు.

అది నిజం కాదు. ఈ నాలుగు మాటల్లో ఏ రెంటికీ చుట్టరికం లేదు. కాయ పేరు మెక్సికోలోని నాహువాట్ల్ భాషది. అజ్టెక్ ప్రజలు మాట్లాడిన ఆ భాష నుంచి స్పానిష్ వాళ్ల నోట పడి ఇంగ్లిషుకు చేరింది. చల్లదనాన్ని చెప్పే చిల్లీ ఇంగ్లిషు సొంత మాట, 'కోల్డ్'కు దగ్గరి బంధువు. చిలీ దేశం పేరు దక్షిణ అమెరికా స్థానిక భాషల నుంచి వచ్చింది. మన చిల్లి మనదే.

మిర్చి అనే మాట కథ దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. దాని మూలం సంస్కృతంలోని మరిచం, అంటే మిరియం. మిరపకాయ అమెరికా ఖండాల పంట. కొలంబస్ 1492లో అటు వెళ్లాకే పాత ప్రపంచానికి తెలిసింది, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో మన దేశానికి వచ్చింది. కారంగా ఉంది కాబట్టి జనం పాత కారం పేరునే దానికి పెట్టారు. తెలుగులో మిరియం, మిరప ఒకే కుదురు మాటలు. ఇంగ్లిషు వాళ్లూ ఇదే పని చేసి పెప్పర్ అన్నారు. ఆ పెప్పర్ గ్రీకు, లాటిన్‌ల మీదుగా వెళ్లిన మన పిప్పలి. ఇక్కడ మాట ఒకటే, దాని కింద ఉన్న వస్తువు మారిపోయింది. మాట కలవడం వేరు, మూలం కలవడం వేరు, అర్థం కలవడం వేరు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే భాషల గురించి చాలా అపోహలు పుడుతున్నాయి.

వాటిలో ఈమధ్య బాగా వినిపిస్తున్నది కొరియా అపోహ. కొరియా పిల్లలు నాన్నను అప్పా అంటారు, తమిళ పిల్లలూ అప్పా అంటారు, కాబట్టి రెండు భాషలూ అక్కచెల్లెళ్లని చెబుతుంటారు. కాస్త ఓపిగ్గా మరికొన్ని భాషలు చూస్తే ఈ వాదన నిలవదు. అదే అప్ప మన ఉత్తరాంధ్రలో అక్క. మామ మనకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. చైనాలో మామ అంటే అమ్మ, జార్జియా దేశంలో నాన్న. మనం తాత అని పెద్దాయనను పిలుస్తాం. పోలండులో తాత అంటే నాన్న, సంస్కృతంలోనూ తండ్రే. బాబా తుర్కీలో తండ్రి, రష్యాలో ముసలమ్మ. ఇక అత్త. ఇప్పుడు ఎవరూ మాట్లాడని గోతిక్ అనే పాత యూరప్ భాషలో అత్త అంటే నాన్న!

ఇన్ని భాషలు మాటలు ఒకదాని దగ్గర ఒకటి అరువు తెచ్చుకున్నాయని చెప్పలేం. దీనికి మంచి వివరణ ఇచ్చినవాడు రోమన్ యాకబ్సన్ అనే భాషా శాస్త్రవేత్త. 1960లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ విషయం మీదే. పాప తెనాలిలో పుట్టినా, సియోల్‌లో పుట్టినా మొదట పలకగలిగేవి పెదాలతో వచ్చే మ, ప, బ, నాలుక కొసతో వచ్చే త, న. నోరు తెరిస్తే వచ్చే అచ్చు 'అ'. పాలు తాగుతున్నప్పుడు నోరు మూసుకుని ఉంటుంది కాబట్టి గొంతులో శబ్దం ముక్కులోంచి, మ లాగా, వస్తుంది. ఆకలేసినప్పుడు పాప అదే శబ్దం చేస్తుంది, దగ్గరున్న తల్లి తననే పిలుస్తోందని అనుకుంటుంది. అందుకే లోకంలో సగానికి పైగా భాషల్లో అమ్మను చెప్పే మాటలో మ, న లాంటి ముక్కు శబ్దాలుంటాయి. నాన్న వంతుకు ఎక్కువగా ప, త వస్తాయి. మన తెలుగు నాన్నకు మాత్రం న వచ్చింది, జార్జియా నాన్నకు మ. పాప చేసేది శబ్దమే. దాన్ని ఎవరికి అంటగట్టాలో పెద్దవాళ్లే తేల్చుకుంటారు, ఒక్కో చోట ఒక్కోలా.

పసిమాటలు కానివి కూడా కలుస్తుంటాయి. బద్మాష్‌లోని 'బద్' పారశీకం, అర్థం చెడు. ఇంగ్లిషు బ్యాడ్ కూడా చెడే. శబ్దం, అర్థం రెండూ కలిశాయి, అయినా సంబంధం లేదు. పారశీక మాట వెనక్కి వెళ్తే 'వద్' అవుతుంది. ఆస్ట్రేలియాలోని మ్బాబరం అనే ఆదివాసీ భాషలో కుక్కను 'డాగ్' అనేవారు. అది ఇంగ్లిషు వాళ్లు నేర్పింది కాదు. పక్క భాషల్లో 'గుడగ' అని ఉన్న మాటే అక్కడ అరిగి అలా మిగిలింది. నిజమైన చుట్టాలు వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. ఇలాంటివి దూరమవుతాయి.

మరి చుట్టరికాన్ని పట్టుకునేది ఎలా? విజయవాడ నుంచి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిన పిల్లలు అక్కడి పాల ప్యాకెట్ మీద 'హాలు' అన్న మాట చూస్తారు. కన్నడ లిపి మనకు దగ్గరే కాబట్టి చదవగలుగుతారు, ఇంట్లో ముందుగది గుర్తొస్తుంది. కన్నడంలో హాలు అంటే పాలు. ఒక్క మాటే అయితే ఇందులో విశేషం లేదు. కానీ పులి అక్కడ హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు, పల్లె హళ్ళి. మన ప ఉన్నచోట వాళ్లకు హ. పాత కన్నడంలో వాటికీ ప ఉండేది, తర్వాత హ అయింది. ఇంగ్లిషు హాలులోని హ వేల ఏళ్ల కింద క. రెండు హాలులు ఇలా వేర్వేరు దారుల్లో వచ్చి ఒకేలా వినిపిస్తున్నాయి.

క్రమం తప్పకుండా కనిపించే ఇలాంటి తేడాలే చుట్టరికానికి సాక్ష్యం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో ఒక కుటుంబమని ఎల్లిస్ అనే మద్రాసు అధికారి చూపించింది 1816లో, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటకు చేర్చిన వివరణలో. ఆయన మాటల మూలాలను, ధాతువులను పక్కపక్కన పెట్టి పోల్చాడు. ఆ పనిని మన కాలంలో ఎంతో లోతుకు తీసుకెళ్లిన భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో, అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న ఒంగోలులో పుట్టారు. తెలుగు క్రియాధాతువుల మీద 1961లో వచ్చిన ఆయన పుస్తకం చదివితే ఒక్కో తెలుగు క్రియ వెనక ఎంత చరిత్ర ఉందో తెలుస్తుంది. తెలుగువాళ్లందరికీ ఆయన పేరు తెలియాలని నాకు చాలా కోరిక.

ద్రావిడ భాషల్లో ఇలాంటి సూత్రం ఇంకొకటుంది. మన చెవి కన్నడంలో కివి, చెరువు కెరె, చిలుక గిళి. పాత క మన దగ్గర ఇ, ఎ ల ముందు చ అయింది. కారణం మన నోట్లోనే ఉంది. ఒకసారి 'కు' అని, వెంటనే 'కి' అని పలికి చూడండి. 'కి' దగ్గర నాలుక అంగిట్లో కాస్త ముందుకు జరుగుతుంది. తరతరాలుగా ఇంకొంచెం, ఇంకొంచెం జరిగితే చివరికి అది చ దగ్గర ఆగుతుంది.

మనతో ఏ బంధుత్వం లేని చోట్ల కూడా ఇదే జరిగింది. కోల్డ్‌లో క నిలిచింది, దాని బంధువైన చిల్‌లో నాలుకను ముందుకు జరిపే అచ్చు ముందు చ అయింది. సంస్కృత చక్రంలోని మొదటి చ కూడా ఒకప్పటి క. అప్పుడు దాని పక్కన ఎ ఉండేది. క ను చ గా మార్చాక ఆ ఎ కూడా అ అయిపోయింది. రెండో క పక్కన ఎ లేదు కాబట్టి అలాగే మిగిలింది. సంస్కృతం, గ్రీకు, ఇంగ్లిషు ఒకే కుటుంబం భాషలు కాబట్టి అదే మూలమాట గ్రీకులో కుక్లొస్ అయి, ఇంగ్లిషులోకి సైకిల్‌గా వచ్చింది. ఇంగ్లిషు పుట్టిన జెర్మానిక్ శాఖలో ఆ క 'హ్వ' అయింది. సంస్కృతంలో 'ఎవడు' అనే అర్థమున్న 'కః' అక్కడ 'హూ' అయినట్టే. ఆ దారిలో మిగిలిన రూపం వీల్. బందరు రోడ్డులో ఎవరైనా సైకిల్ చక్రం అన్నా, సైకిల్ వీల్ అన్నా ఒకే మాటను రెండుసార్లు పలుకుతున్నట్టే. చెవికి మాత్రం ఈ మూడింటిలో ఏ రెండూ కలిసినట్టు వినిపించవు.