ఫజ్ పెడలూ ఇరానీ చాయూ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. నిజాంపేటలో వాళ్ల అపార్ట్‌మెంట్ వినాయకుడి మండపంలో ఈసారి పిల్లలే బ్యాండ్ కట్టి వాయిస్తారట. దీని చేతికి బేస్ గిటార్ వచ్చింది, లావు తీగలతో కింది స్వరాలు మోగించేది. మొన్న ఫోన్ చేసి, బాగున్నావా అనైనా అనకుండా అడిగేసింది: "తాతయ్యా, క్లిఫ్ బర్టన్ వాడిన బిగ్ మఫ్ పెడలే నేనూ కొన్నాను. ఆయనది గోడలు కదిలేలా మోగుతుంది. నాది జుయ్యిమంటోంది. ఎందుకు? ఇంకో పెడల్ కొనాలా?"

రెండో ప్రశ్నకు నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి వాళ్ల నాన్న "వద్దు" అన్నాడు. మొదటిదానికి జవాబు ఈ ఉత్తరం. పెడల్ అంటే గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ నడుమ పెట్టి కాలితో నొక్కే డబ్బా, ధ్వనిని మారుస్తుంది. బిగ్ మఫ్ వాటిలో ఫజ్ రకం, అంటే ధ్వనిని గరగరలాడించేది. బేస్ వాయించేవాళ్లు మీలో ఇంకొందరు ఉండే ఉంటారు కాబట్టి అందరికీ రాస్తున్నాను. వాయించనివాళ్లు చాయ్ సంగతి వరకైనా చదవండి.

క్లిఫ్ బర్టన్ ఎవరో తెలియనివాళ్లకు ఒక మాట. మెటాలికా అనే అమెరికా బ్యాండ్‌లో బేస్ వాయించినవాడు. 1983లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఒక ట్రాక్ ఉంది. దాన్లో చాలాసేపు బేస్ ఒక్కటే వినిపిస్తుంది, డ్రమ్స్ తర్వాత వచ్చి చేరతాయి. మొదటిసారి విన్నవాళ్లు లీడ్ గిటార్ (బ్యాండ్‌లో ముందుండి పాటలా వాయించేది) అనుకుంటారు. కాలి కింద ఫజ్ ఒకటి, కాలితో ఊపితే "వా వా" అనిపించే వా పెడల్ ఒకటి, పైన వేళ్లు. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వాడడు. 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్లే.

ఇప్పుడు చాయ్. ఇరానీ హోటల్లో కౌంటర్ పక్కన నిలబడి ఎప్పుడైనా చూశారా? మన ఇళ్లలోలా పాలూ నీళ్లూ చాయ్‌పత్తా ఒకే గిన్నెలో పడేసి మరగబెట్టరు. ఒక పక్క మూత బిగించిన పాత్రలో డికాక్షన్ సన్నసెగ మీద చాలాసేపు ఉడుకుతూ ఉంటుంది. ఇంకో పక్క పాలు చిక్కబడేదాకా మరుగుతూ ఉంటాయి. మీరు అడిగాకే రెండూ కప్పులో కలుస్తాయి. ముందు డికాక్షన్ పోస్తారు. కప్పు అడుగు కనపడనంత ముదురుగా ఉంటుంది. దాని మీద పాలు పడగానే అంచుల దగ్గర రంగు మెల్లగా తిరిగి, అప్పుడు అది చాయ్ అవుతుంది. ఒట్టి డికాక్షన్ ఒక గుక్క తాగి చూడండి. నాలుకంతా చేదు, గొంతు దిగాక కడుపులో ఏమీ పడ్డట్టు ఉండదు.

ఫజ్ పెడల్ ఇచ్చేది ఆ డికాక్షన్. తీగ మోగినప్పుడు పుట్టే కరెంటు అల నున్నగా ఉంటుంది. పెడల్ దాన్ని బాగా పెంచి, పైనా కిందా శిఖరాలు కోసేస్తుంది. కోసిన చోట పదునైన అంచులు లేస్తాయి. ఆ అంచుల వల్లే అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, అయిదింతలు పైన ఉండే స్వరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. మనం ఫజ్ అనే గరగర అదే. సిద్ధాంతం ఇంతకంటే చెప్పను, మీకు నిద్రొస్తుంది.

చిక్కెక్కడంటే, 1969లో న్యూయార్క్‌లో ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్లు బిగ్ మఫ్ తయారుచేసింది మామూలు ఆరు తీగల గిటార్‌ని మనసులో పెట్టుకుని. మధ్య స్వరాలను అది లోపలికి నొక్కేస్తుంది. గదిలో ఒక్కరే వాయిస్తుంటే ఘనంగానే ఉంటుంది. పక్కన డ్రమ్సూ ఇంకో రెండు గిటార్లూ మొదలయ్యాయో, బేస్ ఎటు పోయిందో తెలీదు. అందుకే తర్వాత బేస్ కోసం వేరే బిగ్ మఫ్ తెచ్చారు. దాని మీద డ్రై అని ఒక స్విచ్ ఉంటుంది. అది వేస్తే పెడల్‌లోకి వెళ్లని మామూలు బేస్ ధ్వని కూడా పక్కనే నడిచి, చివర్లో ఫజ్‌తో కలుస్తుంది. ఇంకొన్ని పెడళ్లలో బ్లెండ్ అనే గుండీ ఉంటుంది, పాలెన్ని డికాక్షనెంత అన్నది మనమే తిప్పుకోవచ్చు. తల్లీ, నువ్వు పాలు పొయ్యలేదు. అంతే సంగతి.

నీ పెడల్‌కి ఆ స్విచ్ లేకపోతే సస్టెయిన్ గుండీని (ఫజ్ ఎంత అన్నది తేల్చేది) సగానికి దించు. టోన్‌ని ఎడమకి తిప్పు. జుయ్యి తగ్గి కాస్త ఒళ్లు వస్తుంది.

ఈ ఉపాయం పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1965లో బ్రిటన్ బ్యాండ్ బీటిల్స్ పాట ఒకదానికి మామూలు బేస్ ఒకటి, ఫజ్ బేస్ ఒకటి విడివిడిగా రికార్డు చేశారు. వాళ్ల బేస్ ఆయన పాల్ మెకార్ట్‌నీ ఫజ్ వాయిస్తుంటే కింద మామూలు బేస్ తన పని తాను చేసుకుపోతుంది. అంతకుముందు, 1961లో విడుదలైన అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె బాణీ) పాట ఒకటుంది, పాడింది మార్టీ రాబిన్స్. నాష్‌విల్ స్టూడియోలో అది రికార్డవుతుండగా గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తున్నాడు. ధ్వనులన్నీ కలిపే మిక్సింగ్ కన్సోల్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పాడై ధ్వని చిరిగిపోయింది. వాళ్లు దాన్ని పారెయ్యలేదు, పాటలో అలాగే ఉంచారు. జనం ఆ చిరుగునే ఇష్టపడ్డారు. ఆ స్టూడియో ఇంజనీరు గ్లెన్ స్నాడీ కూర్చుని, పాడైన కన్సోల్ చేసిన పనిని చిన్న డబ్బాలో పెట్టాడు. అదే 1962లో మాస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మకానికొచ్చింది. అంటే ఫజ్ పెడల్ పుట్టిందే బేస్ తీగల మీద. లీడ్ గిటార్ వాళ్ల దగ్గర మీరేమీ అప్పు తెచ్చుకోవడం లేదు.

చాయ్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఇంకా అయిపోలేదు. చక్కెర ఉంది కదా, అది కంప్రెసర్ పెడల్. గట్టిగా మీటిన స్వరాన్ని కొంచెం దించి, మెల్లగా మీటినదాన్ని కొంచెం లేపి, అన్నీ ఒక్క ఎత్తుకి తెస్తుంది. సరిగ్గా వేస్తే వేసినట్టే తెలియదు. ఎక్కువైతే మిగతా రుచులన్నీ పోతాయి. వరసలో దాన్ని ముందు పెట్టేవాళ్లే ఎక్కువ. ఆక్టేవ్ పెడల్ (అదే స్వరాన్ని ఒక స్థాయి కిందో పైనో కలిపేది) ఉంటే అదీ ఫజ్ కంటే ముందే ఉండాలి, ఎందుకంటే స్వరం శుభ్రంగా అందితేనే దానికి లెక్క దొరుకుతుంది. ఒకే స్వరాన్ని నలుగురు వాయించినట్టు చేసే కోరస్, ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే డిలే చివర్లో. ఇవి మీగడ అందాం. మరి ఉస్మానియా బిస్కెట్ ఏమిటి? వా పెడల్ అందామా? ముంచితే మెత్తబడుతుంది, తీస్తే... లేదు, ఇక్కడ కుదరడం లేదు. బిస్కెట్ తినేసి ముందుకు పోదాం.

మా చిన్నప్పుడు చిక్కడపల్లిలో వినాయక చవితికి బాకా మైకులు కట్టేవాళ్లు. పొద్దున్నే మొదలైతే రాత్రిదాకా పాటలే. ఆ బాకాల్లోంచి గొంతు వచ్చేది, వయొలిన్లు వచ్చేవి. బేస్ అనే వాద్యం ఒకటుందని మాకు తెలీదు. ఒకసారి మా మేనమామ రవీంద్రభారతిలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాకి తీసుకెళ్లాడు. ముందు వరసల్లో సీట్లు దొరికాయి. పాట మొదలవగానే కుర్చీ చేతుల మీదున్న నా మోచేతులకు ముందు తెలిసింది, తర్వాత చెవులకి. అప్పుడు చూశాను, వెనకాల డ్రమ్స్ పక్కన ఒకాయన పొడుగుమెడ గిటార్ పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. ఇంటర్వెల్‌లో స్టేజీ పక్కకి పాక్కుంటూ వెళ్లి ఆ గిటార్‌ని చూశాను. పెడళ్లు లేవు. బ్రిడ్జి (తీగలు గిటార్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చి ఉంది. "అదెందుకండీ?" అంటే "మోత తగ్గడానికి బాబూ" అని సిగరెట్ కోసం బయటికి పోయాడు.

తర్వాత కోఠీలో ఆంప్లిఫయర్లు బాగుచేసే పనిలో పడ్డాక తెలిసింది, ఆ స్పాంజికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే కంపెనీ రికార్డుల కోసం జేమ్స్ జేమర్సన్ అనే ఆయన బేస్ వాయించేవాడు. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్, నున్నటి చుట్టుతీగలు, బ్రిడ్జి కవరు కింద నురగ ముక్క. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. కుడిచేతిది ఒక్క చూపుడువేలే. గిటార్ వైరు చాలాసార్లు నేరుగా కన్సోల్‌లోకే. ఆ ధ్వని కోసం ఇవాళ ఎంతమంది ఎన్ని డబ్బాలు కొంటున్నారో! ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) లేని బేస్‌తో జాకో పాస్టోరియస్ అనే ఇంకో అమెరికా ఆయన చేసిన పాడే స్వరం సగం ఎక్కడినుంచి వచ్చింది? బ్రిడ్జి దగ్గరి పికప్ (తీగ ఊపును కరెంటుగా మార్చేది) వాడుతూ, వేళ్లు కూడా అక్కడే ఆడించడం నుంచి.

అందుకని తల్లీ, పెడల్ పీకేసి ఒక సాయంత్రం ఇలా చెయ్యి. ఒకే స్వరాన్ని మెడ దగ్గర మీటు, పికప్ మీద మీటు, బ్రిడ్జి దగ్గర మీటు. మూడు వేరే గిటార్లనిపిస్తాయి. తర్వాత వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒకటి అడిగి, సన్నగా కోసి తీగల కింద దూర్చు. అమ్మని అడిగే తీసుకో. పెడళ్లు కొనొద్దని చెప్పడానికి నాకు నోరు రాదు, అలాంటి డబ్బాల మీదే నా ఇల్లు గడిచింది. కాకపోతే ఇంట్లో ఉచితంగా దొరికేవి అయ్యాక కొనాలి. నాన్న జీతం ఇంకా పెద్ద పనులకు ఉంది.

మీ గది సంగతి కూడా ఒకటుంది. బేస్ మీద అన్నిటికంటే లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు ఊగుతుంది. ఆ ధ్వని అల పొడవు గాల్లో ఎనిమిది మీటర్ల పైమాటే. మన ఫ్లాట్లలో పిల్లల గది మూడు, మూడున్నర మీటర్లు. అంత పొడుగు అల అంత చిన్న గదిలో సర్దుకోలేక గోడలకి కొట్టుకుని, మూలన గుమ్మంటుంది, గది నడుమ లేనట్టే ఉంటుంది. అందుకని ఆంప్లిఫయర్‌ని మూలనుంచి ఒక అడుగు ముందుకు జరుపు. ధ్వని బాగుందో లేదో మంచం మీద కూర్చుని తేల్చెయ్యకు. మండపంలో, అందరూ వాయిస్తుండగా, జనం నిలబడే చోటికి నడిచి విను. వైరు పొడుగ్గా లేకపోతే నీ బేస్ ఇంకొకరికిచ్చి వెళ్లు. బర్టన్ ధ్వని నువ్వు విన్నది కూడా పాట మధ్యలోనే కదా, అతని గదిలో కాదు.

చివరగా ఒక వింత. ఫోన్‌లో టోన్ జనరేటర్ అనే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. దాంట్లో 41 పెట్టి ఫోన్ స్పీకర్‌లో వినండి. దాదాపు ఏమీ వినపడదు. అంత చిన్న స్పీకర్ అంత కింది స్వరాన్ని కదపలేదు. ఇప్పుడు మీ బేస్ మీద ఆ లావు తీగనే మీటి, రికార్డు చేసి, అదే స్పీకర్‌లో వినండి. కింది స్వరం స్పష్టంగా ఉంటుంది! స్పీకర్‌లోంచి రానిది చెవికి ఎలా వచ్చింది? 41కి ఇన్నింతలు అని లెక్కకొచ్చే పై స్వరాల వరసని పట్టుకుని, కింద ఉండాల్సినదాన్ని మన బుర్రే కట్టుకుంటుందని శాస్త్రజ్ఞులు చెప్తారు. ఏళ్ల తరబడి రిపేర్లు చేసిన నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇక ఇప్పుడు ఫజ్ వేసి మూడోసారి వినండి. ఎందుకు ఇంకా బాగా తెలుస్తోందో మీరే ఆలోచించి నాకు రాయండి. నేను చెప్పను.

ఆశీస్సులతో,
కోఠీ తాతయ్య

తా.క.: తల్లీ, కీబోర్డుకి వచ్చిన 12 వోల్టుల అడాప్టర్ పెడల్‌కి తగిలించబోయావని మీ నాన్న చెప్పాడు. నీ పెడల్‌కి 9 వోల్టులు. పెడల్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, నడుమ చుక్కకి మైనస్ గుర్తు కలిసి ఉంటే అడాప్టర్ మీదా అదే గుర్తు ఉండాలి. గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు పెడల్ వెంట తీసుకెళ్లి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసుకో.