బడిలో ఉచిత ప్యాడ్లు: అపోహలు – వాస్తవాలు

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం మొదలైనప్పుడు మా బడిలో అమ్మాయిలకు నెలసరి ప్యాడ్లు (శానిటరీ న్యాప్‌కిన్లు) ఉచితంగా పంచే పని నాకు అప్పగించారు. ఏడో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఒక్కో అమ్మాయికి నెలకు 10 ప్యాడ్లు అన్నది అప్పటి లెక్క. అప్పటినుంచి స్టాఫ్‌రూమ్‌లో, తల్లిదండ్రుల సమావేశాల్లో, మండల మీటింగుల్లో నాకు పదే పదే ఎదురైన మాటలివి. వీటిలో కొన్ని మంచి మనసుతో అనేవే. అయినా పిల్లలకు నష్టం చేస్తున్నాయి.

అపోహ: ఈ రోజుల్లో ప్యాడ్లు కొనుక్కోలేనివాళ్లు ఎవరున్నారు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–24 ఏళ్ల అమ్మాయిల్లో ప్యాడ్లు వాడుతున్నామన్నవాళ్లు 64 శాతం. గుడ్డ వాడుతున్నామన్నవాళ్లు 50 శాతం. కలిపితే వంద దాటుతోందంటే చాలామంది రెండూ వాడుతున్నారని అర్థం. మా పిల్లలూ అంతే. బడికి వచ్చేటప్పుడు ప్యాడ్, ఇంటికెళ్లాక గుడ్డ. ఇంకొందరు ప్యాకెట్ తొందరగా అయిపోతుందని పొద్దున ఎనిమిదింటికి పెట్టుకున్న ప్యాడ్‌తోనే సాయంత్రం దాకా కూర్చుంటారు.

నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలని పాఠంలో మేమే చెబుతాం. ఆ లెక్కన రోజుకు నాలుగు, ఐదు రోజులకు 20 కావాలి. పథకంలో ఇస్తామన్నవి 10. తల్లి, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంట్లో నెలకు 60 ప్యాడ్లు కొనాలంటే, రోజుకూలీ మీద బతికే కుటుంబంలో బియ్యం, నూనె, కరెంటు బిల్లు అయ్యాకే వీటి వంతు వస్తుంది.

అపోహ: అందుబాటులో పెడితే ఎత్తుకుపోతారు, తాళం వేయాల్సిందే

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఈ ఆలోచనేనని నా నమ్మకం. చాలా బళ్లలో ప్యాడ్ల అట్టపెట్టెలు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది. లెక్కల క్లాసు మధ్యలో ఉన్నట్టుండి నెలసరి మొదలైన ఎనిమిదో తరగతి పిల్ల ఏం చేయాలి? అందరి ముందూ లేచి సార్‌ని అడగాలి. స్టాఫ్‌రూమ్‌కి వచ్చి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. ఆ మేడం సెలవులో ఉంటే ఇక అంతే. ఇంత తతంగం పడలేక చున్నీ నడుముకి చుట్టుకుని, కడుపునొప్పి అని చెప్పి ఇంటికి వెళ్లిపోతుంది. మర్నాడు కూడా రాదు. రికార్డులో మాత్రం ఆ అమ్మాయికి ప్యాడ్లు అందినట్టే ఉంటుంది.

మేం చేసింది చాలా చిన్న పని. ఆడపిల్లల మరుగుదొడ్డి గోడకున్న అరలో మూత ఉన్న డబ్బా పెట్టాం. అందులో 20 ప్యాడ్లు, చుట్టి పారేయడానికి న్యూస్‌పేపర్ ముక్కలు ఉంటాయి. పేరు రాయక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. పదో తరగతి అమ్మాయిలిద్దరు దాన్ని నింపుతుంటారు. మొదట్లో డబ్బా ఇట్టే ఖాళీ అయ్యేది. రేపు కూడా ఉంటుందన్న నమ్మకం కుదిరాక వాడకం ఒక దారిన పడింది. దొరకదేమోనన్న భయం ఉంటేనే ఎవరైనా దాచుకుంటారు.

“ఇంటికి తీసుకెళ్లి అమ్మకిస్తున్నారు టీచర్” అని కొందరు నాకు ఫిర్యాదు చేస్తారు. ఇస్తున్నారు, నిజమే. ఆ అమ్మకీ నెలసరి వస్తుంది కదా. దాన్ని దుర్వినియోగం అనడానికి నాకు నోరు రాదు. కావలసినవాళ్లు కారణం చెప్పకుండా తీసుకోవచ్చని స్కాట్లాండ్ 2020 నవంబరులో ఏకంగా చట్టమే చేసింది. 2022 ఆగస్టు 15 నుంచి అది అమల్లో ఉంది. అక్కడి బళ్లలో, కాలేజీల్లో 2018 నుంచే ఉచితంగా ఇస్తున్నారు.

అపోహ: ప్యాడ్లు ఇస్తే చాలు, హాజరు పెరుగుతుంది

ఈ మాట అనేది మాలాంటి వాళ్లమే. పథకాన్ని నిలబెట్టుకోవాలన్న తాపత్రయంలో అంటాం. కానీ నేపాల్‌లోని చిత్వన్ జిల్లాలో కొందరు అమ్మాయిలకు మెన్‌స్ట్రువల్ కప్పులు (ప్యాడ్‌కి బదులు లోపల అమర్చుకుని, కడిగి మళ్లీ వాడుకునేవి) ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా హాజరు పోల్చి చూశారు. 2011లో అచ్చయిన ఆ పరిశోధనలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. అసలు నెలసరి వల్ల పోతున్న బడిరోజులే బాగా తక్కువని తేలింది. వాడేది ఏదైనా కడుపునొప్పి ఎక్కడికీ పోదు కదా.

మా బడిలోనూ ఆ రోజుల్లో మానేసే పిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే మొదట చెప్పేది నొప్పి గురించే. రెండోది మరుగుదొడ్డి. లోపలి గడియ విరిగిపోయి ఉంటుంది. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. మధ్యాహ్నానికి ట్యాంకులో నీళ్లు అయిపోతాయి. చెత్తబుట్ట ఉండదు కాబట్టి వాడిన ప్యాడ్‌ని సంచిలో పెట్టుకుని ఇంటిదాకా మోయాలి. దాంతో నీళ్లు తాగడమే మానేస్తారు. మేం మొదట గడియ బిగించాం, మూత ఉన్న బుట్ట పెట్టించాం. స్టాఫ్‌రూమ్‌లో వేడినీళ్ల సంచి ఉంచాం. నొప్పితో మెలికలు తిరిగే పిల్లకు అరగంట పడుకోవడానికి ఒక బల్ల చూపించాం. గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, వారం దాటినా ఆగకపోయినా తల్లిని పిలిపించి డాక్టరు దగ్గరికి పంపుతాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అధిక రక్తస్రావాన్ని ‘మామూలే’ అని వదిలేయకూడదు.

మరి హాజరు పెరగకపోతే ప్యాడ్లెందుకు అంటారా? మరక పడుతుందన్న భయం లేకుండా ఓ పిల్ల లేచి బోర్డు మీద లెక్క చేయగలగాలి. ఇవ్వడానికి ఆ ఒక్క కారణం సరిపోతుంది.

అపోహ: గుడ్డ వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుంది

ఈ మాట చెప్పి పిల్లల్ని భయపెట్టకండి. ఆ క్యాన్సర్‌కి ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి 9–14 ఏళ్ల మధ్య వేయించుకునే టీకా ఉంది. మెత్తని నూలుగుడ్డను సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, పొడిగా దాచుకుంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. చిక్కంతా ఆరేసే దగ్గరే. ఎవరి కంటా పడకూడదని మంచం కిందో, చీర మడతల చాటునో ఆరేస్తారు. సగం తడితోనే మళ్లీ కట్టుకుంటారు. దురద, ఒరుపులు అక్కడ మొదలవుతాయి. గుడ్డే ఇష్టపడే అమ్మాయికి ఎండలో ఓ తాడు కట్టమని వాళ్లమ్మకు చెప్పండి, చాలు.

అపోహ: ప్రైమరీ బడిలో వీటి అవసరం లేదు

తొమ్మిది, పదేళ్లకే పెద్దమనిషి అయ్యే పిల్లలున్నారు. అంటే నాలుగు, అయిదు తరగతుల పిల్లలు. పథకం పెట్టిందేమో ఏడు నుంచి. ఇటు డిగ్రీ, ఐటీఐ అమ్మాయిలనూ దాని పరిధిలో చేర్చలేదు. వయసు దాటినంత మాత్రాన అవసరం తీరదు కదా. డిగ్రీ కాలేజీల్లో ప్యాడ్లతో పాటు కప్పుల గురించి కూడా చెప్పొచ్చు. కేరళలోని కుంబళంగి పంచాయతీలో 18 దాటిన మహిళలకు కప్పులిచ్చి, వాడకం నేర్పించి, 2022 జనవరిలో ప్యాడ్‌రహిత పంచాయతీగా ప్రకటించారు. కప్పు వాడితే కన్యత్వం పోతుందన్నది ఒట్టి మాట.

అపోహ: మిషన్‌లో వేసి కాల్చేస్తే చెత్త సమస్య తీరినట్టే

చిన్న మిషన్లలో వేడి సరిపోదు. ప్యాడ్‌లో ప్లాస్టిక్, తడి పీల్చే జెల్ ఉంటాయి. సగం సగం కాలితే విషవాయువులొస్తాయి. కాగితంలో చుట్టి, విడిగా ఉంచి, పంచాయతీ చెత్తబండికి వేరుగా ఇవ్వడమే మేలు. వాడినవి సరిగ్గా చుట్టే పారేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలూ చెప్పాయి. టాయిలెట్‌లో మాత్రం పడేయనివ్వకండి. ఒక్కటి అడ్డుపడినా ఆ మరుగుదొడ్డి నెలల తరబడి మూతపడుతుంది.

అపోహ: మగ టీచర్లకు, మగపిల్లలకు ఇదంతా దేనికి?

ఏకోపాధ్యాయ బడిలో ఉన్నది సారే అయితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? మగపిల్లలకు పాఠం చెప్పాక మా దగ్గర ఏడిపించడం తగ్గింది.

అపోహ: సెలవుల్లో ఇవ్వక్కర్లేదు

ఏప్రిల్ చివర మూసిన బడి జూన్‌లో తెరుస్తారు. ఈలోగా నెలసరి రెండుసార్లైనా వస్తుంది. చివరి పరీక్ష రోజున హాల్ బయటే రెండు నెలలవి కలిపి ఇచ్చేయాలి. ఆ రోజు రాని పిల్లలవి అదే వీధిలో ఉండే తోటి అమ్మాయి చేతికిచ్చి పంపాలి. స్టాకు ఆలస్యమైతే మార్చి మొదట్లోనే మండల ఆఫీసుకి రాతపూర్వకంగా అడగండి. ఏప్రిల్‌లో అడిగితే వచ్చేసరికి బడికి తాళం పడిపోతుంది.