ఖరీదైన కార్ల చవక బాట: 2013లో ఏం జరిగింది?

విలాస కార్లపై 45 నుంచి 50 శాతం దాకా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి దిగింది. ధరలు తగ్గగానే పాత తగువు మళ్లీ లేచింది. బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి చవక మోడళ్లు తెస్తే అమ్మకాలు పెరుగుతాయా, పేరు పలచబడుతుందా?

తగువుకు మూలం 2010 డిసెంబరులో ఉంది. చెన్నై శివార్లలోని తన ఫ్యాక్టరీలో బిగించిన ఎక్స్1 అనే చిన్న కారును బీఎండబ్ల్యూ 22 లక్షలకు అమ్మకానికి పెట్టింది. టయోటా వారి పెద్ద కారు ఫార్చ్యూనర్ కొందామని డబ్బు సర్దుకున్నవారు ఇటు తిరిగి చూశారు. ఆ తర్వాత పోటీ ముదిరింది. 2013లో బెంజ్ ఏ-క్లాస్ 22 లక్షల లోపు, బీఎండబ్ల్యూ 1 సిరీస్ 21 లక్షల లోపు వచ్చాయి.

అసలు మలుపు మాత్రం అదే ఏడాది ఆడి తన క్యూ3 కారుకు చవక రూపంగా తెచ్చిన క్యూ3 ఎస్. ధర 24.99 లక్షలు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే క్వాట్రో వ్యవస్థ లేదు, ఆటోమేటిక్ గేరు లేదు, ఇంజిన్ బలమూ తగ్గింది. ముందు నాలుగు వలయాల గుర్తు మాత్రం అలాగే ఉంది. ఆడికి పేరు తెచ్చిన క్వాట్రోనే తీసేశాక కొన్నవాడికి దక్కింది ఆ గుర్తు ఒక్కటే. ఆ ఏడాది ఆడి 10,002 కార్లు అమ్మింది. దేశంలో ఏ విలాస కంపెనీ కూడా అంతకుముందు ఒక్క ఏడాదిలో పదివేలు దాటలేదు.

2019 నాటికి ఆడి అమ్మకాల సంఖ్య 4,594కు పడిపోయింది. ఢిల్లీలో పెద్ద డీజిల్ ఇంజిన్లపై నిషేధం, పన్నులు, కొత్త ఉద్గార నిబంధనలు దీనికి కారణమని పరిశ్రమ వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ అవే నిబంధనల మధ్య బెంజ్ 2019లో 13,786 కార్లు అమ్మింది.

చెన్నైలో టీ నగర్‌లోనో కిల్పాక్‌లోనో ఉండే తెలుగు వ్యాపారి కారు మార్చేటప్పుడు ముందు తేల్చుకునేది పాతదానికి ఎంత వస్తుందన్నదే. కొత్తదానిపైనే లక్షల్లో రాయితీ దొరుకుతున్నప్పుడు పాతదాన్ని మంచి ధరకు ఎవరు కొంటారు? నాలుగేళ్ల క్రితం పూర్తి ధర పెట్టినవాడే ఆ నష్టం మోయాలి. అతను మళ్లీ అదే షోరూముకు రావడం కష్టం. అమ్మకాల లెక్కల్లో ఈ మనిషి కనిపించడు, నా దృష్టిలో కథంతా ఇతనిదే.

కంపెనీలకూ ఇది తెలిసివచ్చినట్టుంది. చిన్న కార్ల రకాలను ఏడు నుంచి నాలుగుకు తగ్గిస్తామని బెంజ్ 2022లో ప్రకటించింది. బీఎండబ్ల్యూ చిన్న కారును వదల్లేదు, కానీ ధర కోసం సదుపాయాల్లో కోత పెట్టడం మానింది. 2025 జనవరిలో వచ్చిన విద్యుత్ కారు ఐఎక్స్1ను చెన్నైలోనే తయారుచేస్తూ, వెనక సీటులో కాళ్లు చాపుకునేలా పొడవు పెంచి 49 లక్షలకు ఇచ్చింది. 22 లక్షలతో మొదలైన ఎక్స్1 కూడా 2023లో కొత్త రూపంతో 45.9 లక్షలకు వచ్చింది.